పాత బైబిల్ వ్యాఖ్యానాలు ఇప్పుడు చదవడం అవసరమా?

మూడు వందల ఏళ్ళనాడు ఇంగ్లండ్ పాస్టర్ మాథ్యూ హెన్రీ బైబిల్‌కు రాసిన వ్యాఖ్యానం ఇప్పుడు ఎవరికి కావాలి, యూట్యూబ్ ప్రసంగాలు చాలవా అని అడిగారు. కావాలి. మీరు వినే ప్రసంగాల్లో సగం అందులోంచి వచ్చినవే.

ఆ మధ్య మా బంధువుల పెళ్ళిలో పాస్టర్‌గారు ఆదికాండము రెండో అధ్యాయం తీశారు. దేవుడు హవ్వను ఆదాము తలలోంచి తీస్తే పెత్తనం చేసేది, కాళ్ళలోంచి తీస్తే అతను తొక్కేసేవాడు, అందుకే పక్కలోంచి తీశాడు, సమానంగా ఉండాలని, గుండెకు దగ్గరగా ఉండాలని అన్నారు. పందిరంతా ఆమేన్! మా పెద్దమ్మ ఆ మాటలు బైబిల్ అట్ట లోపల రాసుకుని, కింద పాస్టర్‌గారి పేరు కూడా వేసుకుంది. ఇంటికొచ్చాక ఫోన్లో హెన్రీ వ్యాఖ్యానం తీసి, ఆ పేరా తెలుగులో చెప్పాను. అంతా విని, "అయితే ఈ దొర మన అయ్యగారి ప్రసంగం ఎప్పుడు విన్నాడ్రా?" అంది. ఆయన 1714లోనే పోయాడు పెద్దమ్మా అన్నా నమ్మలేదు.

ఆ మాట హెన్రీ సొంతమూ కాదు. 12వ శతాబ్దంలోనే పీటర్ లాంబార్డ్ అనే క్రైస్తవ వేదాంతి ఇంచుమించు ఇదే రాశాడు. తీసుకోవడం తప్పు కాదు, పేరు చెప్పకపోవడమే నాకు ఒళ్ళుమంట.

తవ్వకాల సంగతులు కావాలంటే మాత్రం హెన్రీ దగ్గరికి వెళ్ళకండి. మృత సముద్రపు చుట్టలు, అంటే అక్కడి గుహల్లో బయటపడ్డ ప్రాచీన బైబిల్ రాతప్రతులు, దొరకడం మొదలైందే 1947 ప్రాంతంలో. ఆయన పట్టు వేరు. ఒక్క వచనం పట్టుకుని, దీంతో నీకేం పని అని వదలకుండా అడుగుతాడు. ప్రతి సేవకుడూ, అంటే పాస్టరూ, ఆ వ్యాఖ్యానం ఒక్కసారైనా మొత్తం చదవాలని 19వ శతాబ్దపు ఇంగ్లండ్ ప్రసంగీకుడు స్పర్జన్ ఊరికే అనలేదు.

ఇంకో గోల ఏంటంటే, చాలా చోట్ల ఉచితంగా దొరికేది కుదించిన ప్రతి. అది చూసి ఇందులో ఏముంది అని మూసేస్తారు. ఆరు సంపుటాల పూర్తి ప్రతి కూడా ఉచితమే, అదే తెరవండి. ఇంగ్లీషు పాతదే, రెండు వారాల్లో అలవాటవుతుంది. అపొస్తలుల కార్యములు దాకా రాసి ఆయన పోయాడు, రోమా పత్రిక నుంచి తోటి సేవకులు పూర్తి చేశారు. నా మటుకు అక్కడ ఆ రుచి లేదు.

కీర్తనలకు మాత్రం నేను స్పర్జన్ రాసిన ఏడు సంపుటాలే తీస్తాను. 23వ కీర్తనతో మొదలుపెట్టండి, కాకపోతే ముందు బైబిల్లో మీరే చదువుకుని.