యాంప్‌ని బాక్సు మీద బిగించనివ్వకు

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

కారులో ఊఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకరు బాక్సు) పెట్టిస్తున్నావని, దానికి బలమిచ్చే యాంప్లిఫయర్‌ని (యాంప్) ఆ బాక్సు వీపుకే బిగిస్తే వైరు కలిసొస్తుందని షాపు కుర్రాడు అన్నాడని రాశావు. వద్దు. వాడికి పని తేలిక, రిపేరు ఖర్చు నీది.

50 హెర్ట్జ్ బేస్ మోగుతోందంటే స్పీకరు కోను సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఆడుతోందన్నమాట. దాంతోపాటే బాక్సు చెక్కా అదురుతుంది. యాంప్ మూత విప్పితే లోపల బొటనవేలంత కెపాసిటర్లు, రాగితీగ చుట్టిన కాయిల్ కనిపిస్తాయి. వాటి బరువంతా సన్నటి కాళ్ల మీద, సోల్డర్ చుక్కల పట్టు మీదే ఉంటుంది. అదురుకి ఆ కాలి చుట్టూ వెంట్రుకవాసి పగులు పడుతుంది. ఇక చూడు, ఒక గుంతలో పాట ఆగుతుంది, ఇంకో గుంతలో మళ్లీ మొదలవుతుంది. షాపుకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిగా పాడుతుంది! పైగా సీల్డ్ బాక్సుకి స్క్రూ అవతలికి దిగితే గాలి లీకై బేస్ కూడా పోతుంది.

నన్నడిగితే ముందు సీటు కింద పెట్టించు. చిన్న క్లాస్-డి (తక్కువ వేడెక్కే రకం) యాంప్ అక్కడ చక్కగా పడుతుంది. సీటుని ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపి, ఏదీ తగలట్లేదని చూసుకో. కార్పెట్ మీద ఊరికే పడేయకు, వానాకాలం చెప్పుల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. 12 ఎంఎం ప్లైవుడ్ ముక్కని బాడీకి బోల్టులతో బిగించి, దాని మీద రబ్బరు గ్రోమెట్లు (అదురు మింగే రింగులు), అదురుకి వదులవని నైలాక్ నట్లు వేసి యాంప్‌ని కూర్చోబెట్టాలి. గ్రోమెట్ నలిగిపోయేదాకా బిగిస్తే వేసినా వేయనట్టే. చుట్టూ గాలాడే చోటు వదులు.

యాంప్ పెద్దదైతే డిక్కీ తప్పదు. వెనక సీటు వీపు రేకుని ముందు చేత్తో తట్టి చూడు, డబడబలాడితే అక్కడ వద్దు, పక్క గోడకి పోవాలి. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. బండి కిందకి వంగి చూడకుండా ఎవర్నీ డ్రిల్లు పెట్టనివ్వకు.

కరెంటు వైరు లావుది. దాని బరువు టెర్మినల్‌కి వేలాడితే స్క్రూ వదులైపోతుంది, జానెడు దూరంలోనే క్లిప్పు వేయించు. ఎర్తు వైరు అర మీటరు దాటకుండా, పెయింటు గీకిన రేకుకే పడాలి. నెల తిరిగాక స్క్రూలన్నీ ఓసారి బిగించుకో.

బ్యాటరీ పక్కన ఫ్యూజు సంగతి నువ్వు రాయనే లేదు. అది పడకుండా బండి షాపు దాటించకు.

మీ మామయ్య