లినక్స్ ల్యాప్‌టాప్‌కి బయాస్ అప్‌డేట్: మీ మోడల్‌ది ఏది?

ప్రశ్న: నా లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఉబుంటు ఒక్కటే ఉంది. బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ కోసం కంపెనీ సైట్‌లో వెతికితే అదే పేరుతో రెండు మూడు మోడళ్లు కనిపిస్తున్నాయి, అన్నిటికీ విండోస్‌లో నడిచే ఈఎక్స్ఈ ఫైళ్లే ఉన్నాయి. నాది ఏదో ఎలా తెలుస్తుంది? విండోస్ లేకుండా ఎక్కించడం ఎలా?

జవాబు: మూత మీది పేరు చూసి ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. ఒకే పేరుతో ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డు, ఏఎండీ ప్రాసెసర్ ఉన్న మదర్‌బోర్డు రెండూ వస్తుంటాయి. ఒకదాని బయాస్ ఇంకోదానికి పనికిరాదు. టెర్మినల్‌లో 'సుడో డీఎంఐడీకోడ్' అని కొట్టి 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అన్న భాగం చూడండి. లెనోవోలో 'ప్రొడక్ట్ నేమ్' దగ్గర ఉండే కోడ్‌లో మొదటి 4 అక్షరాలే మెషీన్ టైప్. సైట్‌లో వెతకాల్సింది దాంతోనే. మనకు తెలిసిన మోడల్ పేరు కింద 'వెర్షన్' వరసలో ఉంటుంది. పైన 'బయాస్ ఇన్ఫర్మేషన్'లో ఇప్పుడున్న వెర్షన్, దాని తేదీ ఉంటాయి, రాసి పెట్టుకోండి. థింక్‌ప్యాడ్‌లలో ఆ వెర్షన్ 'ఎన్32ఈటీ' లాంటి అక్షరాలతో మొదలవుతుంది. కొత్త బయాస్ వెర్షన్ కూడా అవే అక్షరాలతో మొదలవ్వాలి. లేకపోతే అది మీ బోర్డుది కాదు.

ఈఎక్స్ఈ జోలికి వెళ్లేముందు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే అప్‌డేట్ ప్రోగ్రామ్‌ని ప్రయత్నించండి, ఉబుంటులో ముందే ఉంటుంది. కంపెనీలే తమ అప్‌డేట్లను ఎల్‌వీఎఫ్ఎస్ అనే సర్వర్‌లో పెడతాయి. ఈ ప్రోగ్రామ్ మీ బోర్డులోని గుర్తింపు సంఖ్యతో సరిపోయినదాన్నే తెస్తుంది, పేరు తికమక ఉండదు. నా సలహా ఎప్పుడూ ఇదే దారి. 'ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్' కమాండ్‌కి వరసగా 'రిఫ్రెష్', 'గెట్-అప్‌డేట్స్', 'అప్‌డేట్' చేర్చి మూడుసార్లు నడపండి. ఛార్జర్ తప్పనిసరిగా పెట్టి ఉంచండి. అప్‌డేట్ ఫైల్ ముందు డిస్క్‌లో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి చేరుతుంది, అసలు పని రీస్టార్ట్ తర్వాత జరుగుతుంది. స్క్రీన్ కాసేపు నల్లగా ఉండొచ్చు, ల్యాప్‌టాప్ దానంతట అదే ఒకటికి రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కితే బోర్డే పోయే ప్రమాదం ఉంది.

పని ఆగిపోతే ముందుగా '/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ' ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేదంటే ల్యాప్‌టాప్ లెగసీ మోడ్‌లో (పాత తరహా పద్ధతిలో) బూట్ అయింది, ఆ మోడ్‌లో ఈ పద్ధతి పనిచేయదు. ఉంటే బయాస్ సెటప్‌లో 'విండోస్ యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ అప్‌డేట్' అన్న ఆప్షన్ ఆన్‌లో ఉండాలి. పేరులో విండోస్ ఉంది కదా అని చాలామంది దాన్ని ఆపేస్తారు, కానీ లినక్స్ నుంచి వచ్చే అప్‌డేట్‌కీ దారి అదే. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో చోటు లేకపోవడం ఇంకో కారణం.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ తాళం టీపీఎం చిప్‌లో (బోర్డులో తాళాలు దాచే చిప్) పెట్టుకున్నవాళ్లు పాస్‌ఫ్రేజ్ దగ్గర ఉంచుకోవాలి. బయాస్ మారగానే చిప్ తాళం ఇవ్వకపోవచ్చు. విండోస్ కూడా ఉన్నవాళ్లు దాని డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్‌ను ముందే సస్పెండ్ చేయాలి.

ఎల్‌వీఎఫ్ఎస్‌లో మీ మోడల్ లేకపోతే కంపెనీ సైట్‌లో ఐఎస్ఓ రూపంలో బూటబుల్ ఫైల్ (విండోస్ లేకుండా నేరుగా బూట్ చేయగలిగేది) ఉందేమో చూడండి, థింక్‌ప్యాడ్‌లకు చాలావరకు ఉంటుంది. డెల్ వాడేవాళ్లకు ఈఎక్స్ఈ ఫైలే చాలు: ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి 'బయాస్ ఫ్లాష్ అప్‌డేట్' ఎంచుకోవాలి. ఈఎక్స్ఈని వైన్‌లో (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది) నడపకండి, బయాస్ చిప్ దాకా అది చేరలేదు.

ప్రశ్న: డెబియన్ లినక్స్ వేశాక వైఫై రావట్లేదు, డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదని వస్తోంది. బయాస్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. ఇది వేరే ఫర్మ్‌వేర్: వైఫై కార్డు ఆన్ అయిన ప్రతిసారీ కెర్నల్ (లినక్స్ ప్రధాన భాగం) దానికి అందించే ఫైల్. ఇంటెల్ కార్డు అయితే 'ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై' ప్యాకేజీ వేయండి. డెబియన్ 12 నుంచి ఇది 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' విభాగంలో ఉంది. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్ల సోర్సెస్ ఫైల్‌లో (ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే ఫైల్) ఆ పేరు ఉండదు, చేర్చుకోవాలి. ఈలోపు నెట్ కోసం ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో కలిపితే సరిపోతుంది.