అమ్మాయితో కలిసి చదవడానికి స్టీమ్‌పంక్

స్టీమ్‌పంక్ కథలు, అంటే ఆవిరి యంత్రాల కాలం నాటి సాంకేతికతే ఇంకా ముందుకెళ్లి ఉంటే అన్న ఊహతో రాసేవి, మీ పన్నెండేళ్ల అమ్మాయితో కలిసి చదువుదామని ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ తెచ్చుకుంటే ఇద్దరికీ ముందుకు సాగట్లేదన్నారు కదండీ. సాగదు మరి! 1990లో పెద్దవాళ్ల కోసం వచ్చిన నవల అది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ గణితవేత్త బాబేజ్ తలపెట్టిన లెక్కల యంత్రం నిజంగా పనిచేసి ఉంటే బ్రిటన్ ఎలా మారేదన్న ఊహ బ్రహ్మాండమే కానీ, విక్టోరియా కాలం కాస్తయినా తెలియకపోతే బుర్ర వేడెక్కుతుంది. ప్రస్తుతానికి అటక ఎక్కించేయండి.

స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ ‘లెవయథన్’ (2009) పట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధమే, కాకపోతే జర్మన్ల వైపు కాళ్లతో నడిచే యుద్ధ యంత్రాలు, బ్రిటిష్ వాళ్ల వైపు ప్రయోగశాలలో పుట్టించిన జంతువులు. వాళ్ల ఎయిర్‌షిప్ ప్రాణమున్న తిమింగలం లాంటిది, దాన్ని గాల్లో తేల్చేది హైడ్రోజన్. అబ్బాయి వేషంలో వైమానిక దళంలో చేరిన డెరిన్‌ని మీ అమ్మాయి వదలదు. కీత్ థాంప్సన్ బొమ్మలు అదనం. ఇందులో ఆవిరి ఎక్కడుందని వాదించేవాళ్లుంటారు, పట్టించుకోకండి.

తర్వాత ఫిలిప్ రీవ్ ‘మోర్టల్ ఇంజిన్స్’ (2001). చక్రాల మీద తిరిగే లండన్ చిన్న ఊళ్లను వేటాడి మింగేస్తుంటుంది. ఇందులో చావులు ఎక్కువ, కాబట్టి ముందు మీరు చదివి ఇవ్వండి.