అల్లుడూ, ఆ సెటప్ ఇప్పుడే రాసుకోరా

ఒరేయ్ అల్లుడూ,

నీ లైనక్స్ మెషీన్ డిస్క్ పోయిందట కదా, మూడు రోజుల్నుంచి ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్లు) ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని వేసుకుంటున్నావని అక్క చెప్పింది. అంతా అయ్యాక తీరిగ్గా ఆటోమేట్ చేస్తానన్నావట. అయ్యాక కాదురా, ఇప్పుడే, ఏది ఇన్‌స్టాల్ చేస్తే అది ముందు ఫైల్లో రాసి ఆ ఫైల్‌తోనే నడిపించు, తర్వాత చూద్దాంలే అంటే సగం గుర్తుండదు, నాకు మూడుసార్లు అలాగే అయింది.

మొదట్లో నేను బాష్ స్క్రిప్ట్‌తో మొదలెట్టా. అది పాత్ లైన్‌ని (ప్రోగ్రాములు ఎక్కడ వెతకాలో చెప్పేది) ఎకోతో బాష్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్ చివర తగిలించేది, మధ్యలో ఎక్కడ ఆగినా మళ్ళీ మొదట్నుంచి నడిపేవాణ్ణి, ఒకరోజు ఆ ఫైల్ తెరిస్తే అదే లైను పదకొండు సార్లు, చీమల బారులా. యాన్సిబుల్‌కి మారింది అందుకే, మెషీన్ ఎలా ఉండాలో ఫైల్లో రాసిస్తే అలా సెట్ చేసే టూల్ అది. దాన్లో లైన్‌ఇన్‌ఫైల్ అని ఒకటుంది, లైను ఉందో లేదో చూసి లేకపోతేనే రాస్తుంది. ఇది పెద్ద సర్వర్ల సరుకు మనకెందుకు అనుకోకు, హోస్ట్స్ దగ్గర లోకల్‌హోస్ట్, కనెక్షన్ దగ్గర లోకల్ అని పెడితే ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) కూడా అక్కర్లేదు, నీ మెషీన్ మీదే నడుస్తుంది. ప్లేబుక్ (ఆ పనులు రాసిన ఫైల్) గిట్ రెపోలో, అంటే మార్పుల హిస్టరీతో సహా దాచే చోట, ఉంటే యాన్సిబుల్-పుల్ దాన్ని తెచ్చుకుని నడిపేస్తుంది, కొత్త మెషీన్లో చేత్తో వేసేది గిట్, యాన్సిబుల్, అంతే.

నీ పాత డెస్క్‌టాప్ ఇంకా బతికే ఉందిగా, అందులో ఏపీటీ-మార్క్ షోమాన్యువల్ అనే కమాండ్ కొట్టు, ప్యాకేజీల లిస్ట్ వస్తుంది. ఎత్తి అలాగే ప్లేబుక్‌లో పడెయ్యకు, ఇన్‌స్టాలర్ వేసినవీ దాన్లో కలిసుంటాయి, నువ్వు నిజంగా వాడేవే ఏరుకో. కాన్ఫిగ్ ఫైళ్ళకి గ్నూ స్టో అనే టూల్ చాలు, రెపోలోంచి హోమ్ ఫోల్డర్లోకి సిమ్‌లింకులు (అసలు ఫైల్‌ని చూపించే లింకులు) పెడుతుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ కీబోర్డ్ షార్ట్‌కట్‌లకి డీకాన్ఫ్ డంప్ (సెట్టింగుల్ని బయటికి తీసే కమాండ్) ఉంది, కానీ మొత్తం డంప్ చేస్తే విండో సైజుల్లాంటి చెత్తంతా వస్తుంది, కీబైండింగ్స్ ఉన్న పాత్ వరకే తీసుకో.

ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ మాత్రం రెపోలో పెట్టకు, ప్రైవేట్ రెపో అయినా సరే. పొరపాటున పుష్ చేశాక ఫైల్ డిలీట్ చేసినా హిస్టరీలో ఉంటుంది, ఇక ఆ కీ పారేసి కొత్తది చేసుకోవడమే. అసలు మెషీన్‌కో కొత్త కీ చేసుకోవడం మేలు. టోకెన్లు (పాస్‌వర్డ్‌లాంటివి) తప్పనిసరైతే, ఎన్‌క్రిప్ట్ చేసి దాచే యాన్సిబుల్ వాల్ట్‌లో పెట్టు.

పార్టిషన్ల (డిస్క్ భాగాల) జోలికి ప్లేబుక్‌తో వెళ్ళకు, అది కళ్ళతో చూసి చేత్తో చేసుకునే పని.

ఇక పరీక్ష. ఖాళీ వీఎం (వర్చువల్ మెషీన్) ఒకటి పెట్టి, మళ్ళీ ఆ స్థితికే వెనక్కి రావడానికి స్నాప్‌షాట్ తీసుకుని నడుపు. కంటెయినర్లో చేద్దామనుకుంటావేమో, మామూలుగా అందులో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ నడవదు, సర్వీసుల దగ్గర చతికిలబడతావ్. చెక్ మోడ్ (ఏమీ మార్చకుండా ఉత్తినే నడిపి చూసేది) చూసి మురిసిపోకు, షెల్ టాస్కుల్ని (కమాండ్‌ని నేరుగా నడిపేవి) అది చాలావరకు దాటేసి పోతుంది. ఒకసారి అయ్యాక మళ్ళీ నడుపు, రెండోసారి ఛేంజ్డ్ (మార్చినవాటి లెక్క) సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో షెల్ మాడ్యూల్ వాడి ఉంటావ్, దానికి క్రియేట్స్ అని పెట్టి ఫైల్ పేరివ్వు, ఆ ఫైల్ ఉంటే ఇంక ముట్టుకోదు.

శనివారం కూర్చుని చెయ్, రెండోసారి ఎంతొచ్చిందో మెసేజ్ పెట్టు. సున్నా కాకపోతే ప్లేబుక్ కూడా పంపు, చూస్తా.

మీ మావయ్య