కమాను పట్టీ పెంచాలా?

ప్రశ్న: కొరాపుట్ వెళ్తుంటే సాలూరు ఘాట్ మలుపుల్లో నాన్నగారి పాత అంబాసిడర్ వెనక భాగం పక్కకు ఊగుతోంది. ఇంకో కమాను పట్టీ (లీఫ్ స్ప్రింగ్ కట్టలో ఉండే ఉక్కు పట్టీ) వేయించమంటున్నారు. వేయించనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దండీ. బస్తాలు మోసే బండికైతే సరే. ఖాళీ కారుకు వెనక మరీ గట్టిపడితే గతుకుల్లో టైరు ఎగిరి పట్టు తప్పుతుంది, మలుపులో ఇంకా తొందరగా జారుతుంది. ఇందులో ఇరుసును కదలకుండా పట్టి ఉంచేవీ ఆ కమాను కట్టలే. కాబట్టి ముందు వాటి రబ్బరు బుష్‌లు (కట్ట చివర్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు) చూపించండి. అవి అరిగితే ఇరుసే పక్కకు జరుగుతుంది. కొత్తవి వేశాక, కారు చక్రాల మీద నిలబడ్డాకే ఆ బోల్టులు పూర్తిగా బిగించాలి. జాకీ మీదే బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. తొందరలో చాలామంది అలాగే కానిచ్చేస్తారు, దగ్గరుండి చేయించండి. ఇరుసును కమాను కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే బిగించి, వెనక షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారుతుంటే రెండూ ఒకేసారి మార్చండి.