టైమర్ల జోలికి వెళ్తున్న మా చిన్నికి

చిన్నీ,

లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో రూట్ల టైమవుట్ కోడ్, అంటే ప్యాకెట్లు వెళ్ళే దారుల గడువు తీరితే తీసేసే కోడ్, నువ్వే తిరగరాస్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. పేరు నోరు తిరక్క "ఏవో దారులకి గడువులంట అన్నయ్యా" అంది, నాకు అర్థమైపోయింది. ముందు గర్వమేసింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. మావయ్య చాదస్తం అనుకోకుండా చివరిదాకా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తా. రూట్‌కొక టైమర్ పెట్టకు, గడువు రూట్‌లోనే రాసి పెట్టుకుంటే అప్పుడప్పుడూ ఊడ్చేసే జీసీ (గార్బేజ్ కలెక్టర్) ఒక్కటి చాలు, లినక్స్ ఐపీవీ6 లో అంతే, డిఫాల్ట్‌గా 30 సెకన్లకోసారి. ఊడ్చేలోపు ప్యాకెట్ రావచ్చు కాబట్టి ప్యాకెట్‌కి రూట్ వెతికే లుకప్‌లో కూడా గడువు చూడు. టైమర్ మోగగానే నడిచే కాల్‌బ్యాక్‌లో స్లీప్ అయ్యేదేదీ, అంటే ఆగి ఎదురుచూసేదేదీ, పిలవకు. కాల్‌బ్యాక్‌కి కావాల్సిన లాక్ నువ్వు పట్టుకుని ఆ టైమర్‌నే, కాల్‌బ్యాక్ ముగిసేదాకా ఆగే సింక్ డిలీట్ చేశావంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు చూస్తూ అక్కడే ఉండిపోతారు, ఇలాంటి లాక్ తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసుకో.

సున్నాతో జాగ్రత్త. రూట్ గడువు రాసుండే ఎక్స్‌పైర్స్‌లో సున్నా ఉంటే గడువే లేదని అర్థం, అదే రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లో (రౌటర్ నేనున్నానని పంపే సందేశం) లైఫ్‌టైమ్ సున్నా వస్తే నన్ను డిఫాల్ట్‌గా వాడొద్దని అర్థం, పూర్తిగా ఉల్టా. టిక్‌లు లెక్కపెట్టే కెర్నల్ కౌంటర్ జిఫ్ఫీస్‌కి టైమవుట్ కలిపితే ఖర్మకాలి సరిగ్గా సున్నా వచ్చిందనుకో, గడువే లేనట్టు అయిపోతుంది, అందుకే కెర్నల్‌లో దాన్ని 1 చేసేస్తారు, చూడ్డానికి పిచ్చి లైన్‌లా ఉంటుంది, తీసెయ్యకు.

తీసెయ్యకు అని ఎందుకంటున్నానంటే నేను తీసేశాను కాబట్టి. ఇదే కాదులే, ఇంకోటి.

2.6 కెర్నల్ రోజులు, 32 బిట్ బోర్డు, సెకనుకి 1000 టిక్‌లు. రూట్లకి 10 నిమిషాల గడువు పెట్టి, తీరిందా లేదా అన్నది "జిఫ్ఫీస్ పెద్దదా, ఎక్స్‌పైర్స్ పెద్దదా" అని మామూలు గుర్తుతో పోల్చేశా. కౌంటర్ నిండి సున్నాకి తిరిగినా సరిగ్గా పోల్చే టైమ్ ఆఫ్టర్ అనే మాక్రో ఉందని తెలుసు, ఎవడికి కావాలి అనుకున్నా, అప్పుడు నాకు నీ వయసే. ల్యాబ్‌లో బూట్ అయిన మొదటి 5 నిమిషాలు రూట్ పెట్టగానే మాయం, ఆ తర్వాత దానంతటదే బాగైపోయేది. రెండు రోజులు తవ్వితే తేలిందేంటంటే లినక్స్‌లో జిఫ్ఫీస్ సున్నా నుంచి మొదలవదు, కౌంటర్ నిండి మళ్ళీ సున్నాకి రావడానికి 5 నిమిషాల ముందు నుంచి కావాలనే మొదలుపెడతారు, నాలాంటి వాళ్ళ తప్పు టేబుల్ మీదే బయటపడాలని. 10 నిమిషాలు కలిపితే గడువు సున్నా దాటి చిన్న అంకె అయిపోయి, అప్పుడే తీరిపోయినట్టు కనిపించేది. నేనేం చేశానో తెలుసా? ఆ మొదలే తప్పనుకుని సున్నా చేసేశా! బగ్ పోయింది. ఆ రోజు కాలర్ ఎగరేసుకుని ఇంటికెళ్ళా.

32 బిట్‌లో సెకనుకి 1000 చొప్పున కౌంటర్ నిండడానికి 49.7 రోజులు. బాక్సులు కస్టమర్ దగ్గరికెళ్ళిన ఏడు వారాలకి ఒక తెల్లవారుజామున పెట్టిన రూట్ పెట్టినట్టే పోవడం మొదలైంది, 10 నిమిషాల తర్వాత మళ్ళీ మామూలే. మేం లేచి చూసేసరికి లాగ్‌లో ఏమీ లేదు. ఇంకా దరిద్రం, కౌంటర్ తిరగడానికి కొద్ది సెకన్ల ముందు గడువు తీరి జీసీ ఇంకా ఊడ్చనివి ఉంటాయి చూడు, అవి అలాగే మిగిలిపోయాయి, నా లెక్కలో వాటికింకా 49 రోజులుంది, చచ్చిన గేట్‌వేకి ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి. రీబూట్ చేస్తే పోయింది, అంటే ఇంకో 49 రోజులు వాయిదా. రెండోసారి వచ్చాక గానీ క్యాలెండర్‌లో రోజులు లెక్కపెట్టాలని తట్టలేదు. మా సీనియర్ అరవలేదు, నేను మార్చిన ఆ ఒక్క లైన్ స్క్రీన్ మీద చూపించి కుర్చీ నా వైపు జరిపారు. అరిచుంటే బాగుండేది.

అందుకే దానంతటదే బాగైపోయే బగ్ అంటే నాకిప్పటికీ భయం. నీ మెషీన్ 64 బిట్ కదా మావయ్యా అంటావు, నిజమే, కానీ అదే కోడ్ 32 బిట్ బోర్డుల మీద కూడా బిల్డ్ అవుతుంది, ఆ పొగరే నాకూ ఉండేది. విడిగా ఉండే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో రెండు వెత్‌లు (ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డులు) పెట్టి, 32 బిట్ క్యూఎమూలో (ఉత్తుత్తి మెషీన్) బూట్ అయిన 4వ నిమిషంలో రూట్ పెట్టి 6వ నిమిషం దాకా చూడు. నువ్వు నాకంటే తెలివైనదానివే, కానీ నీకు తొందరెక్కువ, అది మా వైపు నుంచే వచ్చింది.

ప్యాచ్ పంపేముందు డిఫ్, అంటే నువ్వు మార్చిన లైన్లు, నాకు మెయిల్ చెయ్యి. కొత్త కళ్ళజోడు వచ్చింది, చిన్న అక్షరాలైనా పర్లేదు.

మావయ్య