నిల్వ వేరుశనగలో బూజు: విత్తనానికి పనికొస్తుందా?

ప్రశ్న: విత్తనానికని సంచుల్లో దాచిన వేరుశనగ కాయలు ఒలిచి చూస్తే కొన్ని గింజల మీద పచ్చటి బూజు, కొన్నిటి మీద నల్లటి పొడి కనిపిస్తున్నాయి. బాగున్నవి ఏరి విత్తుకోవచ్చా? బూజు పట్టినవి పశువులకు పెట్టవచ్చా?

జవాబు: ముందు రెండో ప్రశ్నకు జవాబు. దయచేసి పెట్టకండి. ఆ పచ్చటి బూజు చాలావరకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేది ఇదే. కడిగినా, ఎండబెట్టినా, ఉడికించినా ఆ విషం పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాడి పశువు తింటే పాలల్లోకీ దిగుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వాటి దాణాలో కలిసిన ఇలాంటి వేరుశనగ చెక్కే (నూనె తీశాక మిగిలే పిండి). నూనె ఆడిద్దామన్నా విషం ఎక్కువగా చెక్కలో, కొంత నూనెలో మిగులుతుంది. ఆ గింజలను లోతుగా పాతిపెట్టండి. ఏరేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి.

నల్లటి పొడి ఆస్పర్‌జిల్లస్ నైజర్ లక్షణం. ఇది విత్తనంతోపాటే పొలంలోకి వెళ్లి మొదలు కుళ్లు తెస్తుంది. కొన్ని గింజలు నేలలోనే కుళ్లిపోతాయి. మొలిచిన వాటిలోనూ కాండం మొదట్లో నల్లటి పొడి కమ్మి, మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది. పట్టుకుని లాగితే మొదలు దగ్గరే తెగి చేతికొస్తుంది.

ఇక విత్తే సంగతి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పైపొర చిట్లినవి తీసేయండి. పొర చిట్లిన చోటే శిలీంధ్రం సులువుగా లోపలికి దూరుతుంది. మిగిలిన వాటిలో 100 గింజలను తడిగుడ్డలో చుట్టి, తడి ఆరకుండా వారం రోజులు చూడండి. 70 కూడా మొలవకపోతే ఆ విత్తనం మీద ఆశ వదులుకుని వేరేది తెచ్చుకోవడమే మంచిది. విత్తనానికి పట్టించే మందు బూజును ఆపుతుందే తప్ప చచ్చిన గింజను మొలిపించదు.

మొలక బాగుంటే కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి. పొర ఊడకుండా మెల్లగా కలపాలి. నేలలో ఉన్న శిలీంధ్రం నుంచి కూడా ఇది మొలకను కొంత కాపాడుతుంది. తెగులు శిలీంధ్రాలను అణిచే మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా వాడేవారు దాన్ని రసాయన మందుతో కలపకూడదు. మందు పట్టించాక మిగిలిన విత్తనాన్ని తినకండి, పశువులకూ వేయకండి.

అసలు సమస్య తేమ దగ్గరే మొదలైంది. కాయల్లో తేమ 9 శాతానికి తగ్గాకే సంచులకెత్తాలి. కాయ ఊపితే గింజ గలగలమనాలి, గింజను నలిపితే పొర ఊడి రావాలి. మిగిలిన సంచులను ఇప్పుడే విప్పి కాయలు ఆరబోయండి. పుచ్చు పురుగు పట్టినవి, పగిలినవి వేరుచేసి, మళ్లీ పొడి సంచుల్లో నింపి, గోడకు ఎడంగా చెక్క పలకల మీద పెట్టండి. విత్తే ముందు వరకు కాయలుగానే ఉంచండి, ముందుగా ఒలిచి పెట్టుకోవద్దు.